అల్ఫారెట్టా ఉత్తరం: కూడదు, కాదు



ఈ ఉత్తరం మీ చేతికి అందేసరికి 2023 వచ్చేసి ఉంటుంది. నేను మాత్రం ఇంకా నవంబరులోనే ఉన్నాను. మా వీధిలో చాలామంది నవంబరులోనే ఉన్నారు. ఎన్నికలు అయిపోయాయి, గొడవలు అయిపోలేదు.

కిందటి ఉత్తరంలో వంటింటి మాటలు రాశాను. చింతపండు గురించి మీలో చాలామంది జవాబులు రాశారు, సంతోషం. ఈసారి మాటలు కూడా వంటింట్లోనే మొదలవుతాయి, కానీ ఓటింగు కేంద్రం దాకా వెళ్తాయి.

మా పక్కింట్లో ఒక తెనాలి కుటుంబం ఉంది. ఆయన నన్ను అక్కయ్య అంటారు, కాబట్టి నాకు తమ్ముడు. ఆయన భార్య నాకు మరదలు. వాళ్ల అమ్మాయిని అందరం పాప అంటాం. పాపకు పందొమ్మిదేళ్లు, ఇక్కడే పుట్టింది, ఏథెన్స్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. ఈ ఊరి పిల్లలందరూ నన్ను ఆంటీ అంటారు, పాప ఒక్కతే అత్తా అంటుంది. మారిషస్ నుంచి వచ్చిన నాకు ఇక్కడ రక్తసంబంధం ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ ఒక్క మాటతో నాకు మేనకోడలు దొరికింది.

తమ్ముడి తల్లి ఆరు నెలలు ఉండిపోదామని తెనాలి నుంచి వచ్చారు. వీధిలో అందరికీ ఆవిడ పెద్దమ్మ. రోజూ ఫోనులో తెలుగు వార్తలు చూస్తారు. నవంబరు మొదటి వారంలో ఒక పొద్దున కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని మా ఇంటికి వచ్చారు.

"ఏమ్మాయ్, ఇక్కడ ప్రభుత్వం పడిపోయిందా?"

లేదండీ, ఎందుకలా అడుగుతున్నారు అన్నాను. ఫోను చూపించారు. "అమెరికాలో మధ్యంతర ఎన్నికలు" అని ఉంది.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఇండియాలో మధ్యంతర ఎన్నికలు అంటే గడువు తీరకముందే వచ్చే ఎన్నికలు. ప్రభుత్వం పడిపోతేనో, సభను ముందే రద్దు చేస్తేనో అవి వస్తాయి. 1971లో ఇందిరా గాంధీ ఏడాది ముందే లోక్‌సభ ఎన్నికలకు వెళ్లారు. అవి మధ్యంతర ఎన్నికలు. ఆ ఎన్నికల్లో పెద్దమ్మ ఓటు వేశారట. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. ఇక్కడ అధ్యక్షుడి పదవి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లకు మధ్యలో, అంటే రెండేళ్లకు, ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో సుమారు మూడో వంతు స్థానాలకూ ఓట్లు వేస్తారు. మధ్యలో వస్తాయి కాబట్టి మధ్యంతరం. తేదీ ఎప్పుడూ ముందే తెలుసు: నవంబరులో మొదటి సోమవారం తరువాతి మంగళవారం. 2022లో అది 8వ తేదీ. అప్పటి అధ్యక్షుడు బైడెన్ తన కుర్చీలో తాను ఉన్నారు.

ఇదంతా చెప్పాను. పెద్దమ్మ విని, "ఎవరూ పడిపోకపోతే మరి మా ఇంట్లో ఈ అరుపులెందుకు?" అన్నారు.

ఆ అరుపుల గురించే ఈ ఉత్తరం.

అల్ఫారెట్టా అట్లాంటాకు ఉత్తరాన ఉంది, 400 నంబరు రోడ్డు మీద. మాది ఫుల్టన్ కౌంటీకి ఉత్తరపు కొస. ఇంకాస్త పైకి వెళ్తే ఫోర్సైత్ కౌంటీ వస్తుంది. ఈ రెండు చోట్లా తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే, కూరగాయల కొట్టులో గోంగూర కట్ట పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు "మీది ఏ ఊరండీ?" అని అడుగుతారు. మారిషస్ అని చెప్తే ఒక్క క్షణం ఆగుతారు. ఆ తరువాత తెలుగు బాగా మాట్లాడుతున్నారే అంటారు. నాకు కోపమూ వస్తుంది, సంతోషమూ వస్తుంది. మీకూ ఇలా జరిగే ఉంటుంది.

ఇక ఎన్నికల సంగతి. జార్జియాలో నవంబరు 8న రెండు పెద్ద పోటీలు ఉన్నాయి. గవర్నరు పదవికి రిపబ్లికన్ బ్రయన్ కెంప్, డెమొక్రాట్ స్టేసీ ఏబ్రమ్స్. కెంప్ సుమారు మూడు లక్షల ఓట్ల తేడాతో గెలిచారు. సెనేట్‌కు డెమొక్రాట్ రాఫెల్ వార్నాక్, రిపబ్లికన్ హర్షెల్ వాకర్. వార్నాక్ పాస్టరు, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన ఎబెనీజర్ చర్చికి ఇప్పుడు ఆయనే పాస్టరు. వాకర్ ఫుట్‌బాల్ ఆటగాడు. 1982లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి, హైస్‌మన్ ట్రోఫీ, ఆయనకే వచ్చింది. ఆ సంవత్సరం విని పెద్దమ్మ చెవులు నిక్కించారు. రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టింది 1982 మార్చిలో. తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయ్యారు. "సినిమా ఆయన అయితే అంతే. ఆటాయన ఎంత పడతాడో చూద్దాం" అన్నారు పెద్దమ్మ. మా వీధిలో అందరికన్నా తక్కువ కోపంతో వచ్చిన రాజకీయ మాట అదే.

వార్నాక్‌కు 49.4 శాతం వచ్చింది. వాకర్‌కు 48.5. మిగిలింది మూడో అభ్యర్థికి పోయింది. జార్జియా చట్టం ప్రకారం సగం కన్నా ఎక్కువ రాకపోతే గెలిచినట్టు కాదు. మొదటి ఇద్దరూ మళ్లీ పోటీ చేయాలి. దీన్ని ఇక్కడ రనాఫ్ అంటారు. ఇంతకుముందు దీనికి తొమ్మిది వారాల గడువు ఉండేది. 2021లో చేసిన కొత్త చట్టం దాన్ని నాలుగు వారాలు చేసింది. అందువల్ల రనాఫ్ డిసెంబరు 6న వచ్చింది, సరిగ్గా మధ్యలో నవంబరు 24న థాంక్స్‌గివింగ్ పండుగ పడింది. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలందరూ ఇంటికి వచ్చే రోజు అది. ప్రచారం ఇంకా నడుస్తూనే ఉంది, టీవీలో ప్రతి పది నిమిషాలకూ ఇద్దరిలో ఒకరు రెండోవాళ్లను తిడుతున్నారు. అలాంటప్పుడు రాష్ట్రంలోని ప్రతి కుటుంబాన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు.

పక్కింటి బల్ల దగ్గర ఆ రోజు ఏడుగురం. టర్కీ కోడి ఉంది కానీ అలంకారానికి. అందరూ తిన్నది గారెలు, కోడి పలావు. తమ్ముడు కుటుంబం, పెద్దమ్మ, నేను, మా ఆయన, తమ్ముడి ఆఫీసులో పనిచేసే వరంగల్ అబ్బాయి. అతని పెళ్లాం పిల్లలు సెలవులకు ఇండియా వెళ్లారు.

తమ్ముడు ఈసారి రెండు చోట్లా రిపబ్లికన్లకే వేశాడు. ఆ సంగతి దాచుకోడు. పెట్రోలు ధర, కిరాణా ధర, తన చిన్న కంపెనీ మీద పన్ను, ఇవి అతని మాటలు. సరిహద్దు దాటి వచ్చేవాళ్ల గురించి అతనికి ఇంకో మాట ఉంది. "మేము 1998 నుంచి కాయితాలు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. వరుస తప్పి వచ్చినవాళ్లకూ మాకూ తేడా ఉండొద్దా?" ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. పదహారేళ్లు అతను ఆ వరుసలో నిలబడడం మరదలు నాకు చాలాసార్లు చెప్పింది.

పాపకు ఇది మొదటి ఓటు. ఆమె మాటలు వేరు. జూన్‌లో సుప్రీంకోర్టు గర్భస్రావం హక్కును తీసేసింది. జూలైలో జార్జియాలో ఆరు వారాల చట్టం అమలులోకి వచ్చింది. అంటే సుమారు ఆరు వారాల తరువాత గర్భస్రావానికి చాలావరకు వీలులేదు. నవంబరు 15న ఫుల్టన్ కౌంటీ జడ్జి ఆ చట్టాన్ని కొట్టేశారు. నవంబరు 23న, అంటే పండుగకు ముందు రోజు, రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ అమలులో పెట్టింది. పాప హాస్టలు నుంచి కారులో వస్తూ ఆ వార్త విన్నదట. ఆ వార్తతోనే బల్ల దగ్గర కూర్చుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాను. తమ్ముడు తెలుగులో మాట్లాడుతున్నాడు. పాప ఇంగ్లీషులో జవాబు చెప్తోంది. ఇద్దరికీ రెండు భాషలూ అర్థమవుతాయి. మామూలు రోజుల్లో పాప తెలుగులోనే మాట్లాడుతుంది. "ఉప్పు ఇవ్వు", "నిద్ర వస్తోంది", "అత్తా, నీ చీర బాగుంది", ఇవన్నీ తెలుగే. కోపం వస్తే మాత్రం ఇంగ్లీషు.

డాక్టర్లు భయపడుతున్నారని, తన వయసు అమ్మాయిలకు ఇది వార్త కాదు బతుకు అని, పాప చెప్పుకుంటూ పోయింది. తమ్ముడు విన్నాడు. ఆ తరువాత రెండే మాటలు అన్నాడు.

"నీకేం తెలుసు?"

తెలుగు నేర్చుకునే పాఠకులారా, ఇది చూడడానికి ప్రశ్న లాగా ఉంటుంది. చివర ప్రశ్న గుర్తు కూడా ఉంది. కానీ ఇది ప్రశ్న కాదు. "నువ్వు ఊరుకో" అని దీనికి అర్థం. పాప దీన్ని ప్రశ్న అనుకుంది, లేదా అలా అనుకున్నట్టు నటించింది. వేళ్లు మడుస్తూ తనకు ఏమేం తెలుసో ఒకటి, రెండు, మూడు అని చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముడి ముఖం ఎర్రబడింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది.

"పాపా, పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదు" అన్నాను.

పాప నా వైపు తిరిగింది. "నువ్వు కూడానా అత్తా?" అంది, తెలుగులో. లేచి, కారు తాళాలు తీసుకుని, కమ్మింగ్‌లో స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోయింది. గారెల పళ్లెం మధ్యలో అలాగే ఉంది. ఎవరూ చేయి పెట్టలేదు.

చాలాసేపటికి వరంగల్ అబ్బాయి మాట్లాడాడు. అతని తెలుగు వేరే అందం. "అన్నా, మీ ఇంట్ల ముగ్గురికి ఓటున్నది. మీరు కొట్లాడుకుంటున్నరు. నేనొచ్చి పదకొండేండ్లయింది. పన్ను కడుతున్న, ఇల్లు కొన్న. నాకు కొట్లాడే హక్కు గూడ లేదు." అతను ఇంకా గ్రీన్‌కార్డు వరుసలోనే ఉన్నాడు. ఉద్యోగం మీద ఇచ్చే కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతం కన్నా ఎక్కువ రాకూడదని నియమం. ఇండియా నుంచి వచ్చినవాళ్ల వరుస అందుకే కదలదు. వాట్సాప్ గ్రూపులో జార్జియా రాజకీయాల గురించి అందరికన్నా ఎక్కువ రాసేది అతనే. నాకు ఇదివరకు అది విడ్డూరంగా ఉండేది. ఆ రాత్రి తరువాత విడ్డూరంగా లేదు.

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట ఎందుకన్నాను? తమ్ముడు చెప్పింది సరైనదని కాదు. అసలు ఆ విషయంలో నా ఓటు పాప వైపే. అయినా నా నోట్లోంచి వచ్చింది "కూడదు". ఎందుకంటే నా దగ్గర ఉన్న తెలుగు అదే.

మన తెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. మారిషస్‌లో నేను తెలుగు నేర్చుకున్నది సాయంత్రపు బడిలో, రామ భజనంలో, అమ్మోరు పండుగలో. దండం పెట్టడానికి, దీవెన తీసుకోవడానికి, పెద్దలను పిలవడానికి నాకు తెలుగు వచ్చు. పోట్లాడడానికి రాదు. మా ఇంట్లో పోట్లాటలన్నీ క్రియోల్‌లోనే. అమ్మ గిన్నె విసిరినా క్రియోల్‌లోనే విసిరేది. నాకు బడిలో చెప్పిన "కూడదు"లు లెక్కపెడితే ఒక నోటుబుక్కు నిండుతుంది. అబద్ధం ఆడకూడదు, ఎదురు చెప్పకూడదు, చెప్పులతో లోపలికి రాకూడదు. పాపది అచ్చం నా పరిస్థితే. ఆమెకు ప్రేమించడానికి తెలుగు ఉంది, కాదనడానికి లేదు. నాకు క్రియోల్ ఎలాగో, ఆమెకు ఇంగ్లీషు అలాగ.

కానీ మన తాతలకు ఉండేది. మా తాత కథ మీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను.

మారిషస్‌లో 1948కి ముందు ఆస్తి, జీతం ఉన్న కొద్దిమందికే ఓటు. దేశం మొత్తానికి 12 వేలలోపు ఓటర్లు. చెరకు తోటల్లో పనిచేసేవాళ్లకు ఓటు లేదు. కొత్త రాజ్యాంగం వచ్చి, ద్వీపంలో మాట్లాడే ఏ భాషలోనైనా చిన్న చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు ఇస్తామంది. ఏ భాషలోనైనా. తెలుగులో కూడా. బాస్‌దేవ్ బిసున్‌దయాల్ ఉద్యమం ఊరూరా రాత్రి బడులు పెట్టి జనానికి అక్షరాలు నేర్పింది. 1948 ఆగస్టులో ఎన్నికలు జరిగేనాటికి ఓటర్లు 70 వేలు దాటారు. వాళ్లలో మా తాత ఒకడు. పగలంతా చెరకు నరికి, రాత్రి దీపం దగ్గర అ ఆ లు దిద్దాడు. అధికారి ముందు ఆయన రాసిన వాక్యం మా ఇంట్లో అందరికీ కంఠస్థం: "నేను తోటలో పని చేస్తాను. నాకు కూలి చాలదు." ఒక వాక్యం చాలు అన్నారట. రెండోది తాత సొంతంగా కలిపాడు.

నాయనమ్మకు అక్షరాలు రావు. అందుకని ఆమె పదకొండేళ్లు ఆగింది. 1959లో చదువుతో పని లేకుండా పెద్దవాళ్లందరికీ ఓటు వచ్చింది. తాత లేబర్ పార్టీ మనిషి. నాయనమ్మ కూడా అటే వేస్తుందని అనుకున్నాడు. ఆమె బిసున్‌దయాల్ తమ్ముడు పెట్టిన పార్టీకి, ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్‌కు వేసింది. ఆ రాత్రి ఇంట్లో తెలుగులోనే పెద్ద యుద్ధం జరిగిందని మా నాన్న చెప్పేవాడు. ఏం మాటలు అనుకున్నారు అని నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. నవ్వి, "పిల్లలు వినకూడదు" అనేవాడు. అలా మా ఇంట్లో పోట్లాట తెలుగు ఒక తరంలో పోయింది. మిగిలింది "కూడదు".

డర్బన్ పాఠకుల ఇళ్లలో ఇంతకన్నా చేదు జ్ఞాపకాలు ఉంటాయి. 1984లో అక్కడి ప్రభుత్వం భారతీయులకు విడిగా ఒక సభ పెట్టి ఓటు వేయమన్నప్పుడు, దొరికింది తీసుకుందాం అన్నవాళ్లూ, నల్లవాళ్లకు లేని ఓటు మనకు వద్దు అన్నవాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నారు. నమోదైన ఓటర్లలో ఐదో వంతు మాత్రమే వెళ్లారు. ఆనాటి నుంచి మాట్లాడుకోని అన్నదమ్ముల గురించి మీలో ఒకరు నాకు రాశారు. ఆ ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది.

మళ్లీ అల్ఫారెట్టాకు వద్దాం. రనాఫ్‌కు ముందస్తు ఓటింగు శనివారం, నవంబరు 26న మొదలైంది. అది కూడా కోర్టు దయ. దగ్గరలో సెలవు ఉంది కాబట్టి చట్టం ప్రకారం ఆ శనివారం ఓటింగు వీలుకాదని రాష్ట్ర అధికారులు అన్నారు. కోర్టులు ఒప్పుకోలేదు. చివరికి రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అడ్డు చెప్పలేదు. ఆ తీర్పు వచ్చింది కూడా నవంబరు 23నే. ఒకే రోజు, ఒకే కోర్టు, తమ్ముడికి ఒకటీ పాపకు ఒకటీ ఇచ్చింది. ఆ సంగతి అప్పుడు వాళ్లిద్దరిలో ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

పాప ఓటు ఇంటి చిరునామా మీదే ఉంది. సోమవారం క్లాసులు. కాబట్టి శనివారమే వేయాలి. పొద్దున్నే నేను వెళ్లేసరికి వరుస బయటికి వచ్చి మలుపు తిరిగింది. గంటకు పైగా నిలబడాలి. నా ముందు తమ్ముడు, చేతిలో స్టీలు ఫ్లాస్కు. అతని ముందు పదిపన్నెండు మంది తరువాత పాప. ఇద్దరూ విడివిడిగా వచ్చారు. పాప వెనక్కి చూసింది, చూడనట్టు తిరిగిపోయింది.

అరగంట గడిచింది. తమ్ముడు ఫ్లాస్కు మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. మరదలి కాఫీ వాసన నా దాకా వచ్చింది. చివరికి నాతో మెల్లగా అన్నాడు: "అక్కయ్యా, దానికి కాస్త కాఫీ ఇవ్వొచ్చంటావా?"

ఎందుకు అడిగాడో చెప్పాలి. ఆ 2021 చట్టంలోనే అప్పుడు ఇంకో నియమం ఉండేది. ఓటింగు కేంద్రానికి 150 అడుగుల లోపల, వరుసకు 25 అడుగుల లోపల, ఓటర్లకు ఎవరూ తిండి గానీ తాగడానికి గానీ ఇవ్వకూడదు. ఆ చట్టం వచ్చినప్పుడు తమ్ముడూ పాపా మొదటిసారి పోట్లాడుకున్నారు. తమ్ముడు తన ఊళ్లో ఓటుకు నోట్లు, సీసాలు పంచడం కళ్లారా చూశాడు. "నీళ్లతో మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు" అనేవాడు. వరుసలు పొడుగ్గా ఉండేది బీదవాళ్లు ఉండే చోట్లే, దాహం వేసినవాడికి నీళ్లివ్వడం లంచమెలా అవుతుంది అని పాప. నాకు పాప మాటే సబబు అనిపించింది, కానీ తమ్ముడి తెనాలి నాకు తెలియదు.

ఇప్పుడు ఆ చట్టాన్ని మెచ్చుకున్న మనిషి ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. కూతురు ఓటరు. కాఫీ తాగేదే. అతను చట్టం తప్పే రకం కాదు. నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. తన కాఫీ తన కూతురికి ఇస్తే ఎవరు పట్టుకుంటారు అన్నాను. "అది కాదక్కయ్యా" అన్నాడు. ఆగిపోయాడు.

పాప అన్నీ చూస్తూనే ఉంది. వెనకావిడతో తన చోటు చూడమని చెప్పి, వరుస పక్కనుంచి నడిచి వచ్చింది. చేయి చాపింది.

"నాన్నా, నేను ఒప్పుకోలేదు. కానీ కాఫీ ఇవ్వు."

"ఒప్పుకోలేదు" అంటే అప్పుడు ఒప్పుకోలేదని. ఆమె చెప్పదలచుకున్నది "ఒప్పుకోను", అంటే ఇప్పుడూ ఒప్పుకోను, ఇకముందూ ఒప్పుకోను. నేను మామూలుగా తప్పులు దిద్దే మనిషిని, మీకు తెలుసు. ఆ రోజు దిద్దలేదు. తమ్ముడు అటూ ఇటూ చూసి, మూత నిండా కాఫీ పోసి ఇచ్చాడు. పాప అక్కడే నిలబడి తాగి, మూత ఇచ్చేసి, మాట్లాడకుండా తన చోటికి వెళ్లిపోయింది. బయటికి వచ్చేటప్పుడు ఇద్దరి చొక్కాల మీదా పీచు పండు బొమ్మ ఉన్న స్టిక్కరు ఉంది. ఎవరి కారులో వాళ్లు వెళ్లారు.

డిసెంబరు 6న వార్నాక్ గెలిచారు. ఈసారి తేడా లక్షకు కొంచెం తక్కువ. సెనేట్‌లో డెమొక్రాట్లు 51 అయ్యారు, ప్రతినిధుల సభ మాత్రం రిపబ్లికన్లకు వెళ్లింది. తమ్ముడు రెండు రోజులు టీవీ పెట్టలేదు. పాప ఫోను చేయలేదు, అలాగని ఎగతాళీ చేయలేదు.

ఆ వారంలోనే మరదలు గిన్నెలు తుడుస్తూ ఒక రహస్యం చెప్పింది. నవంబరులో ఆమె గవర్నరుకు కెంప్‌నూ, సెనేట్‌కు వార్నాక్‌నూ ఎంచుకుందట. తెలుగు పత్రికలు దీన్ని క్రాస్ ఓటింగు అంటాయి. కెంప్‌కూ వాకర్‌కూ వచ్చిన ఓట్ల మధ్య ఆ రోజు రెండు లక్షల తేడా ఉంది. అలాంటి చేతుల్లో ఒక చెయ్యి మా పక్కింటి వంటింట్లోనే తడిగుడ్డతో పని చేస్తోంది. ఈయనకు తెలుసా అని అడిగాను. "ఎందుకు తెలియాలి వదినా?" అంది. రాయొచ్చా అంటే, ఆలోచించి, "మీ పత్రిక మా ఆయన చదవరుగా" అంది. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నేను మాత్రం ఇప్పుడు రోజూ సాయంత్రం పెద్దమ్మ దగ్గర కొత్త పాఠం నేర్చుకుంటున్నాను. పోట్లాట తెలుగు. ఇంగ్లీషులో ఒక్క "నో" ఉన్న చోట తెలుగులో చాలా ఉన్నాయి. లేదు అంటే లేనిది. వద్దు అంటే అక్కర్లేనిది. కూడదు అంటే చేయరానిది. కాదు అంటే, ఆ సంగతి అలా లేదు అని. "కూడదు" మనిషిని ఆపుతుంది. "కాదు" మాటను మాత్రమే ఆపుతుంది. తెలుగువాళ్లు మర్యాదగా ఎదురు చెప్పాలంటే "అది కాదండీ" అని మొదలుపెడతారట. ఇంకా మర్యాద కావాలంటే "మీరన్నది నిజమే గానీ" అంటారు. ఆ "గానీ" తరువాత ఏమైనా అనొచ్చు. తెనాలిలో ఆ "గానీ" మీద గంటలు గంటలు నడుస్తాయి అన్నారు పెద్దమ్మ.

ఫీజీ పాఠకులు డిసెంబరు 14న ఓటు వేశారు. మీ ఇళ్లలో ఏ భాషలో పోట్లాడుకున్నారో రాయండి. తెలుగు మాట ఒక్కటైనా వినబడితే, అది ఎంత చెడ్డ మాటైనా సరే, నాకు పంపండి. సంపాదకులు వేయకపోతే నేను దాచుకుంటాను.

కిందటి వారం పాప నాకు ఫోను చేసింది. క్షమించమని నేనే ముందు అడిగాను. ఫర్వాలేదు అత్తా అంది. సంక్రాంతికి ఇంటికి వస్తోందట. నాన్నతో తెలుగులో మాట్లాడాలనుకుంటోంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగింది. నేను కొత్తగా నేర్చుకున్నది చెప్పాను: "మీరన్నది నిజమే గానీ" అను. నాన్నకు "మీరు" వద్దు, "నువ్వన్నది నిజమే గానీ" అంటే చాలు.

పాప కాసేపు ఊరుకుంది. "నాన్న అన్నది నిజం కాకపోతే?"

నా దగ్గర జవాబు లేదు. ఆగమని చెప్పి, పక్కింటికి వెళ్లి పెద్దమ్మను అడిగాను. పెద్దమ్మ గోంగూర ఆకులు తుంచుతూ తల ఎత్తకుండానే చెప్పారు.

"అయితే 'అది కాదు నాన్నా' అనమను. కూర్చుని అనమను. లేచి వెళ్లిపోతే వాడికి వినబడదు."